‘అని’ ఉన్నచోటల్లా ‘దట్’ రాదు: ఒడిశా సరిహద్దు తెలుగువారికి నౌన్ క్లాజ్

ఇంట్లో తెలుగు, వీధిలో, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లిష్. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు చాలామంది తెలుగు పిల్లల చదువు ఇలాగే సాగుతుంది. నౌన్ క్లాజ్ దగ్గర వీళ్లు చేసే తప్పుల్లో కొన్ని తెలుగు నుంచి వస్తాయి, కొన్ని ఒడియా నుంచి. అయితే ఒక్క తెలుగే వచ్చినవారికి లేని వెసులుబాటు కూడా వీళ్లకుంది. తెలుగులో ‘అని’ చెప్పిన మాట చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘దట్’ ముందు వస్తుంది. ఈ తేడా తెలుగు పిల్లలకు కొత్త. ఒడియా వచ్చినవారికి కొత్తేం కాదు, ఎందుకంటే ఒడియాలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ‘రామ ఆసిబ బోలి సె కహిలా’ అన్నా, ‘సె కహిలా జె రామ ఆసిబ’ అన్నా అర్థం ఒకటే: రాముడు వస్తాడని అతను చెప్పాడు. ‘బోలి’ మన ‘అని’లా చివర ఉంటుంది, ‘జె’ ఇంగ్లిష్ ‘దట్’లా ముందు ఉంటుంది. కాబట్టి వాక్యం కుదరనప్పుడు దాన్ని ఒకసారి ‘జె’ పెట్టి ఒడియాలో అనుకోండి. మాటల వరస సగం దారిలో పడుతుంది. మిగిలిన సగంలో ‘జె’ కూడా మోసం చేస్తుంది, ఆ సంగతి కింద వస్తుంది.

ముందు గుర్తుపట్టడం

తనకంటూ ఒక సబ్జెక్ట్, ఒక వెర్బ్ ఉన్న ముక్క క్లాజ్. ఆ ముక్క మొత్తం కలిసి నౌన్ చేసే పని చేస్తే నౌన్ క్లాజ్. పరీక్షించడానికి ముక్క మొత్తం తీసేసి ఆ చోట ‘సమ్‌థింగ్’ పెట్టండి. ‘ఐ నో దట్ ది గుణుపురం ట్రెయిన్ ఈజ్ లేట్’లో ‘దట్’ నుంచి చివరిదాకా తీస్తే ‘ఐ నో సమ్‌థింగ్’ మిగులుతుంది. వాక్యం నిలబడింది, కాబట్టి అది నౌన్ క్లాజ్.

మొదటి మాట చూసి పేరు పెట్టేయడమే పరీక్షల్లో మార్కులు పోయే చోటు. ‘వెన్’ కనపడితే అడ్వెర్బ్ క్లాజ్ అని రాసేస్తారు. ఈ మూడు వాక్యాలు చూడండి:

‘ఐ నో వెన్ హి కేమ్.’
‘ఐ రిమెంబర్ ది డే వెన్ హి కేమ్.’
‘ఐ వాజ్ కుకింగ్ వెన్ హి కేమ్.’

మూడింటిలోనూ ‘వెన్ హి కేమ్’ అక్షరం మారలేదు. మొదటిది ‘ఐ నో సమ్‌థింగ్’ అవుతుంది కనుక నౌన్ క్లాజ్, తెలుగులో ‘ఎప్పుడొచ్చాడో’. రెండోది ‘డే’ అనే మాటను వర్ణిస్తోంది, ‘వచ్చిన రోజు’, కనుక అడ్జెక్టివ్ క్లాజ్. మూడోది వంట ఎప్పుడు జరుగుతోందో చెబుతోంది, ‘వచ్చినప్పుడు’, కనుక అడ్వెర్బ్ క్లాజ్. ఎప్పుడొచ్చాడో, వచ్చిన, వచ్చినప్పుడు అని తెలుగు మూడు వేరు రూపాలు ఇస్తుంది. వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది. ఈ పనికి తెలుగును మించిన పరికరం లేదు, దాన్ని దాచుకోనక్కర్లేదు.

‘దట్’తోనూ ఇదే చిక్కు. ‘ది న్యూస్ దట్ హి ఫెయిల్డ్’లో ‘దట్’ తీసేస్తే ‘హి ఫెయిల్డ్’ పూర్తి వాక్యం. అతను పరీక్ష తప్పాడన్న వార్త; వార్త ఏమిటో ఆ క్లాజే చెబుతోంది, కాబట్టి నౌన్ క్లాజ్. ‘ది న్యూస్ దట్ హి బ్రాట్’లో ‘దట్’ తీస్తే ‘హి బ్రాట్’ మిగులుతుంది. ఏం తెచ్చాడు? ఆబ్జెక్ట్ లేక వెలితిగా ఉంది. ఇక్కడ ‘దట్’ బదులు ‘విచ్’ పెట్టినా సరిపోతుంది. ఇది అతను తెచ్చిన వార్త, అంటే అడ్జెక్టివ్ క్లాజ్.

‘అని’ లోపల ఏముందో చూడండి

ఇదే అసలు భాగం, కొంచెం నిదానంగా చదవండి. తెలుగులో ‘అని’ దేనికైనా తగులుతుంది. రైలు వచ్చింది అని చెప్పాడు. రైలు వచ్చిందా అని అడిగాడు. రైలు ఎప్పుడొస్తుంది అని అడిగాడు. మూడింటికీ ‘అని’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మూడింటికి మూడు దారులు. ‘అని’ని చూడకండి, దాని ముందున్న మాట చూడండి.

అది మామూలు వాక్యమైతే ‘దట్’: ‘హి సెడ్ దట్ ది ట్రెయిన్ హ్యాడ్ కమ్.’

అది ‘-ఆ’తో ముగిసే ప్రశ్న అయితే, అంటే అవును కాదు అని జవాబు వచ్చేదైతే, ‘ఇఫ్’ లేదా ‘వెదర్’: ‘హి ఆస్క్‌డ్ ఇఫ్ ది ట్రెయిన్ హ్యాడ్ కమ్.’

అందులో ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకు, ఎలా లాంటి మాట ఉంటే ఆ ప్రశ్న మాటే క్లాజ్‌కు తలుపు: ‘హి ఆస్క్‌డ్ వెన్ ది ట్రెయిన్ వుడ్ కమ్.’

తప్పులు పుట్టేది రెండు, మూడు దారుల్లో. ‘హి ఆస్క్‌డ్ దట్ ది ట్రెయిన్ హ్యాడ్ కమ్’, ‘హి ఆస్క్‌డ్ దట్ వెన్ ది ట్రెయిన్ వుడ్ కమ్’ అని రాస్తారు. ‘జె’ మోసం చేసేది ఇక్కడే. ఒడియాలో ‘సె పచారిలా జె’ (అతను అడిగాడు) అన్నాక ప్రశ్న రావచ్చు, దానికేం ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో ఒక క్లాజ్‌కు ఒక్కటే తలుపు. ‘దట్ వెన్’, ‘దట్ వేర్’, ‘దట్ ఇఫ్’ పక్కపక్కనే కనిపిస్తే ‘దట్’ కొట్టేయండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు వాక్యం బాగుపడుతుంది.

‘అని’ లేకుండా ‘-ఓ’ ఉంటే ఇంకా సులువు. ‘వస్తాడో రాడో తెలియదు’, ఒడియాలో ‘సె ఆసిబ కి నాహిఁ’, ఇంగ్లిష్‌లో ‘వెదర్’. ‘ఎక్కడున్నాడో తెలియదు’కు ‘వేర్’.

‘ఇఫ్’, ‘వెదర్’ చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి. నడవని చోట్లు గుర్తుంచుకుంటే చాలు. వాక్యం మొదట్లో క్లాజ్ వస్తే ‘వెదర్’ మాత్రమే: ‘వెదర్ హి విల్ కమ్ ఈజ్ నాట్ క్లియర్.’ ‘అబౌట్’, ‘ఆన్’ లాంటి ప్రిపొజిషన్ తర్వాత, ‘టు గో’ లాంటి ‘టు’ రూపం ముందు, వెంటనే ‘ఆర్ నాట్’ ఉన్నప్పుడు కూడా అంతే: ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ వెదర్ టు గో’, ‘ఐ డోంట్ నో వెదర్ ఆర్ నాట్ హి విల్ కమ్.’ అనుమానం వస్తే ‘వెదర్’ రాసేయండి, తప్పు కాదు. స్పెల్లింగ్ మాత్రం జాగ్రత్త: ఈ ‘వెదర్’లో డబ్ల్యూ పక్కనే హెచ్ ఉంటుంది, వాతావరణానికి వాడే ‘వెదర్’లో ఉండదు.

‘చెప్పింది’, ‘కావలసింది’: ఇక్కడ ‘వాట్’

‘వాడు చెప్పింది నిజం.’ ఈ వాక్యం ఇస్తే చాలామంది ‘దట్ హి సెడ్ ఈజ్ ట్రూ’ అంటారు. సరైనది ‘వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ.’ ఇక్కడ ఎవరూ ప్రశ్న వేయలేదు, ‘వాట్’ ఎక్కడిదని అనుమానం వస్తుంది. ఈ ‘వాట్’ ప్రశ్న కాదు, ‘ఏదైతే అది’. ఒడియా వచ్చినవారు ‘సె జాహా కహిలా, తాహా సత’ను తలచుకోండి. ఆ ‘జాహా’ ఉన్నచోట ‘వాట్’, ‘జె’ ఉన్నచోట ‘దట్’. ఈ ఒక్క జత పట్టుకుంటే చాలా పేజీల వ్యాకరణం తప్పుతుంది.

ఒడియా సాయం లేకుండా చూడాలంటే క్లాజ్ లోపల ఖాళీ వెతకండి. ‘హి సెడ్’: ఏం అన్నాడు? ఆబ్జెక్ట్ లేదు, ఖాళీ ఉంది, ఆ ఖాళీని ‘వాట్’ నింపుతుంది. ‘హి కేమ్ లేట్’: ఏ ఖాళీ లేదు, పూర్తి వాక్యం, కాబట్టి ‘దట్’. ‘వాడు ఆలస్యంగా రావడం అందరికీ తెలుసు’ అన్నప్పుడు ‘ఎవ్రీబడీ నోస్ దట్ హి కేమ్ లేట్.’ ‘నాకు కావలసింది ఇదే’ అంటే ‘దిస్ ఈజ్ వాట్ ఐ నీడ్.’ తెలుగులో ‘-డం’ కనిపిస్తే ‘దట్’ వైపు, ‘-ంది’, ‘-ేది’ కనిపిస్తే ‘వాట్’ వైపు మొదట చూడండి. ఇది ప్రతిసారీ చెల్లే సూత్రం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే.

ప్రశ్న వరస విప్పేయడం

విడి ప్రశ్నలో వెర్బ్ ముందుకు దూకుతుంది: ‘వేర్ ఈజ్ ది స్టేషన్?’ అదే ప్రశ్న క్లాజ్‌గా మారితే వెర్బ్ వెనక్కి, తన మామూలు చోటికి వెళ్లాలి: ‘ఐ డోంట్ నో వేర్ ది స్టేషన్ ఈజ్.’ చేయవలసింది మూడు పనులే. ప్రశ్న మాట అలాగే ఉంచండి. సబ్జెక్ట్‌ను వెర్బ్ ముందుకు తెండి. ‘డు, డజ్, డిడ్’ ఉంటే తీసేసి, వాటిలోని కాలాన్ని అసలు వెర్బ్‌కు ఇవ్వండి.

‘వాట్ డిడ్ హి సే?’ → ‘టెల్ మీ వాట్ హి సెడ్.’
‘వేర్ డజ్ షి లివ్?’ → ‘ఐ నో వేర్ షి లివ్స్.’

మూడో పనిలో సగం చేసి వదిలేస్తేనే ‘వాట్ హి డిడ్ సే’, ‘వేర్ షి లివ్’ లాంటివి వస్తాయి. ‘డజ్’ వెళ్లిపోతూ తన ‘ఎస్’ను ‘లివ్’కు ఇచ్చి వెళ్లాలి. తెలుగులో ‘ఆమె ఎక్కడ ఉంటుంది’ అన్నా ‘ఎక్కడ ఉంటుందో’ అన్నా మాటల వరస మారదు, అందుకే ఇంగ్లిష్‌లో మార్చాలన్న సంగతి మనకు తట్టదు.

‘హూ కేమ్?’ లాంటి ప్రశ్నలో ‘హూ’యే సబ్జెక్ట్. అక్కడ మార్చడానికేమీ లేదు: ‘ఐ నో హూ కేమ్.’ ‘హూ ఈజ్ దట్ మ్యాన్?’ మాత్రం ‘హూ దట్ మ్యాన్ ఈజ్’ అవుతుంది. చివర ‘ఈజ్’ మిగిలితే దాన్ని కుదించకూడదు. ‘వేర్ హి ఈజ్’ అని పూర్తిగా రాయాలి.

ప్రశ్న గుర్తు ఈ క్లాజ్‌ను బట్టి పెట్టరు, మెయిన్ క్లాజ్‌ను, అంటే ‘ఐ నో’ లాంటి అసలు ముక్కను బట్టి పెడతారు. ‘డు యు నో వేర్ హి ఈజ్’ ప్రశ్న, గుర్తు ఉంటుంది. ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్’కు చుక్క చాలు.

‘నేను’ ఎవరు? ‘వస్తాను’ ఎప్పుడు?

తెలుగులో ‘రాయగడ వెళ్తానన్నాడు’ అంటాం. ‘వెళ్తాను’ అన్న రూపంలో ‘నేను’ దాగి ఉంది, అయినా వెళ్లేది అన్నవాడేనని వినేవాళ్లకు తెలుసు. దాన్ని మాటకు మాట దింపితే ‘హి సెడ్ దట్ ఐ విల్ గో టు రాయగడ’ అవుతుంది. ఇంగ్లిష్ చదివేవాడికి ఇప్పుడు రాయగడ వెళ్లేది మీరు. ఇది వ్యాకరణ దోషంతో పోయేది కాదు, అర్థమే తిరగబడుతుంది. సరైనది ‘హి సెడ్ దట్ హి వుడ్ గో టు రాయగడ.’

తడబడకుండా ఉండాలంటే సర్వనామం రాసే ముందు అక్కడ మనిషి పేరు పెట్టండి. రాజు అన్నాడు, రాజు వెళ్తాడు: ‘రాజు సెడ్ దట్ రాజు వుడ్ గో.’ తర్వాత రెండో ‘రాజు’ను ‘హి’ చేయండి. ‘నువ్వు రావాలి అని అత్త నాతో చెప్పింది’లో ‘నువ్వు’ ఎవరు? చెబుతున్న నేను. ‘మై ఆంట్ టోల్డ్ మీ దట్ ఐ హ్యాడ్ టు కమ్.’ కొటేషన్ గుర్తుల్లో అచ్చంగా వాళ్ల మాటే రాస్తే ఏమీ మార్చకూడదు, అప్పుడు ‘దట్’ కూడా ఉండకూడదు.

కాలం సంగతికి వస్తే, మెయిన్ క్లాజ్‌లో ‘సెడ్’, ‘ఆస్క్‌డ్’, ‘న్యూ’ లాంటి భూతకాలం ఉంటే లోపలి వెర్బ్ ఒక మెట్టు వెనక్కి దిగుతుంది. ‘ఈజ్’ ‘వాజ్’ అవుతుంది, ‘విల్’ ‘వుడ్’, ‘కెన్’ ‘కుడ్’, ‘హ్యాజ్ కమ్’ గానీ ‘కేమ్’ గానీ ‘హ్యాడ్ కమ్’. ‘టుమారో’ కూడా ‘ది నెక్స్ట్ డే’గా మారుతుంది, చెప్పిన రోజు గడిచిపోతే. మెయిన్ క్లాజ్‌లో ‘సేస్’ ఉంటే ఏమీ మారదు. ఎప్పటికీ నిజమైనదాన్ని వర్తమానంలోనే ఉంచవచ్చు: ‘ది టీచర్ సెడ్ దట్ ది ఎర్త్ మూవ్స్ రౌండ్ ది సన్.’ చరిత్రలో తేదీతో స్థిరపడిన సంగతి కూడా మామూలుగా మెట్టు దిగదు: ‘హి సెడ్ దట్ ఒడిశా బికేమ్ ఎ సెపరేట్ ప్రావిన్స్ ఇన్ 1936.’ ఇక్కడ ‘హ్యాడ్ బికమ్’ కోసం తంటాలు పడక్కర్లేదు.

‘విల్’ గురించి ఒక మాట. ‘ఇఫ్’, ‘వెన్’ తర్వాత ‘విల్’ రాకూడదని బడిలో నేర్పుతారు. అది అడ్వెర్బ్ క్లాజ్‌కు చెప్పిన నియమం: ‘ఇఫ్ హి కమ్స్, ఐ విల్ గో.’ నౌన్ క్లాజ్‌లో ‘విల్’ నిక్షేపంగా వస్తుంది: ‘ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్.’ తెలుగులో ‘వస్తే’ అయితే ‘కమ్స్’, ‘వస్తాడో లేదో’ అయితే ‘విల్ కమ్’.

వాక్యంలో ఎక్కడ పెట్టాలి

వెర్బ్ తర్వాత ఆబ్జెక్ట్‌గా రావడం ఎక్కువ, ఇప్పటిదాకా చూసినవి అవే. అక్కడ ‘సే, థింక్, నో, హోప్’ లాంటి మాటల తర్వాత ‘దట్’ వదిలేయవచ్చు. ముందు కామా పెట్టకూడదు.

వాక్యం మొదట సబ్జెక్ట్‌గా వస్తే ‘దట్’ వదలడానికి లేదు: ‘దట్ గిడుగు రామమూర్తి టాట్ ఇన్ పర్లాకిమిడి ఈజ్ వెల్ నోన్.’ తల బరువైన వాక్యం, తప్పు కాదు. మాట్లాడేటప్పుడు ‘ఇట్’ను ముందు నిలబెట్టి క్లాజ్‌ను వెనక్కి పంపుతారు: ‘ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్ గిడుగు రామమూర్తి టాట్ ఇన్ పర్లాకిమిడి.’ వ్యాసాల్లోనూ ఈ రెండోదే హాయిగా చదువుకోనిస్తుంది. నౌన్ క్లాజ్ సబ్జెక్ట్ అయితే వెర్బ్ మామూలుగా ఏకవచనం. లోపల ‘దే’ ఉందని ‘ఆర్’ రాయకండి: ‘వాట్ దే సే ఈజ్ ట్రూ.’

‘ఈజ్’ తర్వాత: ‘ది ప్రాబ్లమ్ ఈజ్ దట్ ది బస్ డజ్ నాట్ స్టాప్ హియర్.’ ‘ది రీజన్ ఈజ్ బికాజ్’ అని అనేకమంది అంటారు. రాతలో ‘ది రీజన్ ఈజ్ దట్’ రాయండి. ‘ష్యూర్, గ్లాడ్, అఫ్రెయిడ్’ తర్వాతా ఈ క్లాజ్ వస్తుంది: ‘ఐ యామ్ ష్యూర్ దట్ హి విల్ పాస్.’ ఇక్కడ ‘సమ్‌థింగ్’ పరీక్షకు ‘ఆఫ్’ కలపాలి. ప్రిపొజిషన్ తర్వాత ‘వాట్, వేర్, వెదర్’ వస్తాయి గానీ ‘దట్’ మామూలుగా రాదు. కావాలంటే మధ్యలో ‘ది ఫ్యాక్ట్’ పెట్టాలి: ‘అబౌట్ ది ఫ్యాక్ట్ దట్ హి ఫెయిల్డ్.’

కొన్ని మొండి వెర్బులు

‘చెప్పాడు’కు ‘సెడ్’, ‘టోల్డ్’ రెండూ ఉన్నాయి. ‘టోల్డ్’కు వెంటనే మనిషి కావాలి: ‘హి టోల్డ్ మీ దట్.’ ‘సెడ్’కు మనిషి అక్కర్లేదు, ఉంటే ‘టు’తో రావాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’ కూడా ‘టు మీ’నే కోరుతుంది. ‘ఆస్క్’కు ‘టు’ పెట్టకూడదు: ‘ఆస్క్‌డ్ మీ ఇఫ్’.

‘సజెస్ట్, రికమెండ్, ఇన్సిస్ట్, డిమాండ్’ తర్వాత ఇలా చేయాలి అనే అర్థంలో లోపలి వెర్బ్‌కు ‘ఎస్’ రాదు, కాలం మారదు: ‘ది డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్.’ వింతగా వినిపిస్తే ‘షుడ్ టేక్’ అనండి, అదీ సరైనదే. ‘సజెస్టెడ్ హిమ్ టు టేక్’ మాత్రం వద్దు.

‘వాడు రాడనుకుంటా’ అన్నప్పుడు మనం కాదనే మాటను లోపల ఉంచుతాం. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని ‘థింక్’ మీదికి తెస్తారు: ‘ఐ డోంట్ థింక్ హి విల్ కమ్.’ ‘హోప్’తో మాత్రం లోపలే: ‘ఐ హోప్ హి వోంట్ కమ్.’ ‘ఐ యామ్ నోయింగ్ దట్’ ఎప్పుడూ రాయకండి.

చేసి చూడండి

కింది ఆరు వాక్యాలను కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి, తర్వాతే జవాబులు చూడండి.

1. రైలు నౌపడ దాటిందా అని స్టేషన్‌లో అడిగాను.
2. మజ్జిగౌరి గుడి ఎక్కడుందో ఆయనకు తెలుసు.
3. మీకు కావలసింది ఈ కొట్లో దొరుకుతుంది.
4. నేను బరంపురంలో దిగాను అని నాన్న చెప్పారు.
5. పిన్ని రేపు రాదనుకుంటా.
6. తలుపు ఎవరు కొట్టారో చూడు.

మొదటిది ‘ఐ ఆస్క్‌డ్ ఎట్ ది స్టేషన్ ఇఫ్ ది ట్రెయిన్ హ్యాడ్ క్రాస్‌డ్ నౌపడ.’ ‘దాటిందా’లోని ‘-ఆ’ వల్ల ‘ఇఫ్’, ‘ఆస్క్‌డ్’ వల్ల ‘హ్యాడ్’. రెండోది ‘హి నోస్ వేర్ ది మజ్జిగౌరి టెంపుల్ ఈజ్’. ‘వేర్ ఈజ్’ అని రాసి ఉంటే ప్రశ్న వరస భాగం మళ్లీ చదవండి. మూడోది ‘యు విల్ గెట్ వాట్ యు నీడ్ ఇన్ దిస్ షాప్.’ నాలుగోది ‘ఫాదర్ సెడ్ దట్ హి హ్యాడ్ గాట్ ఆఫ్ ఎట్ బరంపురం’. ‘ఐ’ రాస్తే బరంపురంలో దిగింది మీరే అవుతారు. ఐదోది ‘ఐ డోంట్ థింక్ మై ఆంట్ విల్ కమ్ టుమారో.’ ఆరోది ‘సీ హూ నాక్‌డ్ ఎట్ ది డోర్.’ ఇందులో ‘హూ’యే సబ్జెక్ట్ కనుక వరస మార్చే పని లేదు, ‘హూ డిడ్ నాక్’ అని ‘డిడ్’ను తెచ్చే పనీ లేదు.